క్వీన్స్‌లో ఏ దేశపు వంట ఎక్కడ, ఏ రోజు, ఏ వేళకు: మా ఏప్రిల్–అక్టోబరు అనుభవం

న్యూజెర్సీలోని జెర్సీ సిటీ నుంచి న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌కి తిండి కోసం బయల్దేరేవాళ్ళు ముందు దారి ఖర్చు చూసుకోవాలి. చాలాచోట్ల ప్లేటు ధర కంటే అదే ఎక్కువ. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలు ఎక్కితే మనిషికి 3 డాలర్లు. మన్‌హట్టన్ 33వ వీధిలో దిగి న్యూయార్క్ సబ్‌వేకి మారితే మళ్ళీ 2.90. రెండూ వేర్వేరు సంస్థల రైళ్ళు కాబట్టి ఒక టికెట్టు రెండో దానిలో చెల్లదు. రానూపోనూ మనిషికి 11.80, ఇద్దరికి 23.60. ఇవి 2025 నాటి ధరలు. కారైతే ఇంకా దండగ. హాలండ్ టన్నెల్ టోల్ ఉంది, 2025 జనవరి 5 నుంచి మన్‌హట్టన్‌లో 60వ వీధికి దిగువకు వచ్చే కార్లకి పగటిపూట 9 డాలర్ల రుసుము ఉంది. ఇవన్నీ కట్టి అక్కడికి చేరాక పార్కింగ్ కోసం అరగంట తిరగాలి.

మేం ఇద్దరం. నేను గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటాను. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. అందుకని ప్రతి కౌంటర్ దగ్గరా రెండు రకాల ప్రశ్నలు అడగాల్సి వచ్చింది. మనవాళ్ళలో చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి కనుక ఆ జవాబులే ఎక్కువగా రాస్తున్నాను.

యాప్‌లలో నక్షత్రాలు చూసి చోటు ఎంచుకోవడం ఇక్కడ పెద్దగా పనికిరాదు. థాయ్ హోటల్‌కి మార్కులు వేసేవాళ్ళలో థాయ్‌లాండ్ వాళ్ళు కొద్దిమందే. ఇంగ్లీషు సరిగ్గా మాట్లాడలేదనీ, నగదే తీసుకున్నారనీ, మంచినీళ్ళు అడిగితే తప్ప ఇవ్వలేదనీ మిగతావాళ్ళు మార్కులు కోస్తారు. పాడ్ థాయ్ తియ్యగా ఉంటే మార్కులు పెంచుతారు. అందుకని మేం నక్షత్రాలు వదిలేసి కస్టమర్లు పెట్టిన ఫోటోలు చూశాం. పక్క బల్లల మీద ఏముందో వాటిలో తెలుస్తుంది. ఆ దేశపు లిపిలో రాసిన అభిప్రాయాలుంటే ఫోన్‌లో అనువాదం చేయించి అందులో పదేపదే వచ్చే వంటకం పేరు రాసుకున్నాం. మిగతాదంతా నడక. ఆ దేశపు కిరాణా కొట్టు, ఆ దేశానికి డబ్బు పంపే దుకాణం, వాళ్ళ గుడో చర్చో మసీదో ఒకే వీధిలో కనిపిస్తే అక్కడ వంట వాళ్ళ కోసమే వండుతారు.

ఇంకో గమనిక. న్యూయార్క్ నగరంలో ప్రతి హోటల్ కిటికీలోనూ ఆరోగ్య శాఖ ఇచ్చిన ఎ, బి, సి అక్షరం ఉంటుంది. తనిఖీలో 13 పాయింట్ల దాకా తప్పులుంటే ఎ, 14 నుంచి 27 దాకా బి, ఆపైన సి. బి చూసి బెదరక్కర్లేదు. వేడి పదార్థం ఉండాల్సిన వేడిలో లేకపోయినా పాయింట్లు పడతాయి, రోజంతా బయట వేలాడదీసి అమ్మే సరుకున్న వంటిళ్ళకి అది మామూలే. సి ఉంటే మాత్రం మేం లోపలికి వెళ్ళలేదు.

ఏప్రిల్ రెండో వారంలో జాక్సన్ హైట్స్‌తో మొదలుపెట్టాం. 34వ వీధి హెరాల్డ్ స్క్వేర్ నుంచి ఎఫ్ రైలు నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది, పాతిక నిమిషాలు పడుతుంది. 74వ వీధి అంటే మనవాళ్ళకి పటేల్ బ్రదర్స్, బంగారం కొట్లు, చీరల కొట్లు. ఆ స్టేషన్ చుట్టూ ఇప్పుడు నేపాలీ, టిబెటన్, భూటానీ హోటళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. కొన్ని మెట్లెక్కితే పై అంతస్తులో ఉంటాయి, కొన్ని ఫోన్ల కొట్టు దాటి లోపలికి వెళ్తే వెనక గదిలో ఉంటాయి. బోర్డు చూసి పట్టుకోలేం. మెట్ల మీద నుంచి ఆవిరి వాసన వస్తోందా, చేతిలో పార్సిల్ సంచులతో మనుషులు దిగుతున్నారా అని చూడాలి. హిందీ వస్తే ఇక్కడ సగం కష్టం తీరినట్టే.

ఇక్కడ మోమో అని ఊరికే అడిగితే చాలాచోట్ల వచ్చేది గొడ్డుమాంసం మోమో. చికెన్ కావాలంటే పేరు పెట్టి అడగాలి. ఎనిమిదింటికి 8 నుంచి 10 డాలర్లు. అడిగాక ఆవిరి మీద పెడితే పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. రెండు నిమిషాల్లో వచ్చాయంటే అవి ముందే ఉడికించి మళ్ళీ వేడిచేసినవి, అంచుల్లో పిండి ఎండిపోయి గట్టిపడి ఉంటుంది. శాకాహారులు ఒకటి కనుక్కోవాలి. ఆవిరి పాత్రలు అంతస్తులుగా పేరుస్తారు, పైఅంతస్తు మాంసం మోమోల రసం కింది కూరగాయల మోమోల మీదికి కారుతుంది. "అక్కా, వెజ్‌కి వేరే పాత్ర ఉందా?" అని హిందీలో అడిగితే ఉన్నచోట ఉందని, లేనిచోట లేదని నిజమే చెప్పారు. లేదన్నచోట మా ఆవిడ లాఫింగ్ తింది. పెసర పిండితో చేసిన చల్లటి, జారే పట్టీ అది. పైన ఎర్ర మిరప నూనె, వెల్లుల్లి నీళ్ళు, సోయా, వెనిగర్ పోస్తారు. మాంసం ముట్టుకోని వంటకం, ఏడెనిమిది డాలర్లు. మొదటి ముద్ద దాని చల్లదనానికి వింతగా ఉంటుంది, మూడో ముద్దకి ఆగలేం.

భూటానీ వాళ్ళ ఎమా దాట్షి గురించి ప్రత్యేకం చెప్పాలి. అందులో మిరపకాయలే కూరగాయ. నిలువుగా చీల్చి చీజ్‌తో ఉడికిస్తారు, ఎర్రబియ్యం అన్నంతో పెడతారు. మన బజ్జీ మిరపకాయల్ని గిన్నెడు కూర వండితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ధర 12 నుంచి 14. ఆ రోజు మార్కెట్లో ఏ మిరపకాయ దొరికిందన్న దాన్ని బట్టి కారం మారుతుంది, ఒక వారం పిల్లలు కూడా తినొచ్చు, మరో వారం ముక్కు కారుతుంది. నేపాలీ థాలీకి మధ్యాహ్నం 12–2 మధ్య వెళ్ళడం మంచిది. అన్నం, పప్పు, కూర మళ్ళీ వడ్డిస్తారు, మాంసం మాత్రం ఒక్కసారే. టమాటా పచ్చడిలో తిమ్మూర్ అనే మిరియం లాంటి దినుసు వేస్తారు, నాలుక సన్నగా తిమ్మిరెక్కుతుంది. తెలియనివాళ్ళు దాన్ని చూసి కంగారు పడొద్దు.

మే నెలలో క్వీన్స్ నైట్ మార్కెట్‌కి వెళ్ళాం. 2015లో మొదలైన ఈ సంత ఫ్లషింగ్ మెడోస్ పార్కులో సైన్స్ హాల్ వెనక శనివారాలు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా జరుగుతుంది. 7 రైల్లో 111వ వీధిలో దిగి పదిహేను నిమిషాలు నడవాలి. చాలా వంటకాలు 5, 6 డాలర్లు మించవు. 35 డాలర్లతో ఆరు దేశాల రుచి చూడొచ్చు, కానీ వేళ ముఖ్యం. ఐదుకే వెళ్తే వరసలు పొట్టిగా ఉంటాయి, ఏడు దాటితే పేరున్న కొట్ల ముందు ముప్ఫై నలభై నిమిషాలు నిలబడాలి. కూర్చోవడానికి చోటు తక్కువ. మేలో కూడా రాత్రి గాలి చల్లగా కొడుతుంది, జాకెట్ లేకుండా వెళ్తే తిండి మీద ధ్యాస ఉండదు.

ఈ సంత వల్ల అసలు లాభం అక్కడ తినడం కాదు, అడగడం. ఐదు డాలర్లది కొని, "మీవాళ్ళు వారం మధ్యలో ఎక్కడ తింటారు?" అంటే చెబుతారు. ఒక్కరు కూడా విసుక్కోలేదు. యాప్‌లలో మొదటి పేజీలో ఎప్పుడూ కనిపించని పేర్లు నాలుగు అలా దొరికాయి. బర్మా వాళ్ళ టీ ఆకు సలాడ్ తింటే ఇంకా ఆశ్చర్యం. ఊరబెట్టిన లేత టీ ఆకు, వేయించిన బీన్స్, పల్లీలు, నువ్వులు కలుపుతారు. ఎండు రొయ్యలు, చేపల సాస్ లేకుండా కలపమని ముందే చెప్పాలి, కలిపాక తీయడం కుదరదు. గోంగూర కూడా వాళ్ళది రోజువారీ వంట, ఎండు రొయ్యలు, పచ్చిమిర్చి వేసి వండుతారు. రంగూన్ దాకా వెళ్ళిన మన శ్రీకాకుళం, విశాఖ తాతలకు అక్కడ ఆ కూర కోసం వెతుక్కునే అవసరం పడి ఉండదు.

జూన్‌లో థాయ్ వంట. క్వీన్స్‌లో ఇది ఉడ్‌సైడ్, ఎల్మ్‌హర్స్ట్‌లలో ఉంది. ఉడ్‌సైడ్‌లో 1990 నుంచి ఉన్న శ్రీప్రఫాయ్ బుధవారం మూసి ఉంటుంది, దూరం నుంచి వచ్చేవాళ్ళు అది చూసుకోవాలి. శని, ఆదివారాల సాయంత్రం ఈ ప్రాంతంలో మంచి హోటళ్ళ ముందు నలభై నిమిషాలు నిరీక్షణ మామూలే. మధ్యాహ్నం మూడుకి వెళ్తే బల్ల వెంటనే దొరుకుతుంది, వంటవాళ్ళకి కూడా తీరిక ఉంటుంది, చెప్పింది వింటారు.

శాకాహారులకి థాయ్ వంట అన్నిటికంటే కష్టం. "చేపల సాస్ వద్దు, టోఫూ వెయ్యండి" అంటే సరేనంటారు, గ్రీన్ కర్రీ కూడా తెస్తారు. కానీ ఆ కూరకి ముందే నూరి పెట్టుకున్న ముద్దలోనే రొయ్యల పేస్టు ఉంటుంది. దాన్ని ఎవరూ వేరుచేయలేరు. వెయిటర్ అబద్ధం చెప్పడు, మనం అడిగింది చేపల సాస్ గురించే కనుక దానికే జవాబిచ్చాడు. "కూర ముద్దలో రొయ్యలుంటాయా?" అని అడగాలి. ఉంటాయంటే కూరలు వదిలేసి, అప్పటికప్పుడు చేసేవి తీసుకోవాలి: సోయాతో వేయించిన తులసి టోఫూ, తోటకూర లాంటి ఆకుల వేపుడు (ఆయిస్టర్ సాస్ వద్దని చెప్పి), లేదా పచ్చి బొప్పాయి సలాడ్. బొప్పాయి సలాడ్ రోట్లో అప్పుడే దంచుతారు గనుక చేపల సాస్, ఎండు రొయ్యలు మానేయడం వీలవుతుంది. రోలు అంతకుముందు దేనికి వాడారన్నది పట్టింపు ఉన్నవాళ్ళు మాత్రం అది కూడా మానుకోవాలి.

కారం విషయంలో ఆంధ్రా వాళ్ళమన్న ధీమా ఇక్కడ కొంచెం తగ్గించుకోవాలి. మన కారం ఎండుమిర్చి, నూనెలో మగ్గి వచ్చేది, మెల్లగా ఎక్కుతుంది. వాళ్ళది పచ్చి సన్నమిరప, నిమ్మరసంలో దంచినది, మొదటి ముద్దకే చెవుల దాకా పోతుంది. నీళ్ళు తాగితే ఇంకా పాకుతుంది. పక్కన పెట్టే పచ్చి క్యాబేజీ, పొడవు చిక్కుళ్ళు అలంకారం కాదు, మంట తగ్గించడానికి వాటిని కొరకాలి. జిగురన్నం చేత్తో చిన్న ఉండ చేసుకుని సలాడ్ రసంలో అద్దుకుని తినాలి. అక్కడ చేత్తో తింటే ఎవరూ తలెత్తి చూడరు, ఆ సంగతి మా ఇద్దరికీ వంట కంటే ఎక్కువ హాయి ఇచ్చింది.

ఆ నెలలోనే ఒక ఆదివారం ఆస్టోరియాలో ఇండొనేషియన్ మసీదు అల్ హిక్మా ఆవరణలో జరిగే తిండి సంతకి వెళ్ళాం. వేసవిలో కొన్ని ఆదివారాలే ఉంటుంది, తేదీ ముందు చూసుకోవాలి. ఇళ్ళలో వండి తెచ్చిన డబ్బాలు బల్లల మీద పెట్టి అమ్ముతారు. నగదు, అందులోనూ చిల్లర, ఉంటే పని వేగంగా అవుతుంది. పదకొండున్నరకి అన్నీ ఉన్నాయి, ఒంటిగంట దాటాక పేరున్న డబ్బాలు ఖాళీ. ఉడికించిన ఆకుకూరల మీద పల్లీ సాస్ పోసిన పెచెల్ చూడగానే పల్లీ చట్నీ అనిపిస్తుంది, కాకపోతే చాలామంది అందులో కొంచెం రొయ్యల పేస్టు కలుపుతారు. వండినావిడే ఎదురుగా ఉంటుంది కాబట్టి అడిగితే తేలిపోతుంది. టెంపే మాత్రం నిశ్చింతగా తినొచ్చు, పులియబెట్టిన సోయా గింజల అచ్చు అది, ముక్కలు కోసి వేయిస్తారు. రెండాంగ్ కూర, బక్సో ఉండలు రెండూ గొడ్డుమాంసం.

జూలైలో ఫ్లషింగ్. ఇక్కడే ఎక్కువ రోజులు పెట్టాం, ఇంకా సగం కూడా చూడలేదు.

ముందు దారి. 7 రైలు చివరి స్టేషన్ ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్. ఎక్స్‌ప్రెస్ పనిదినాల్లో రద్దీ వేళ, అదీ రద్దీ వైపే ఉంటుంది. వారాంతాల్లో ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, పట్టాల పనులుంటే సగం దారిలో దింపి బస్సు ఎక్కిస్తారు కూడా. పెన్ స్టేషన్ నుంచి లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్‌లో సిటీ టికెట్ 2025లో 5 డాలర్లు (రద్దీ వేళ 7) ఉండేది, ఇరవై నిమిషాల చిల్లరలో మెయిన్ స్ట్రీట్‌లో దింపుతుంది. పాత్ దిగే చోటికి పెన్ స్టేషన్ నడిచే దూరం. రెండు డాలర్లు ఎక్కువైనా మేం రెండోసారి నుంచి ఇదే ఎక్కాం. టికెట్టు రైలెక్కకముందే కొనాలి.

మెయిన్ స్ట్రీట్ మీద మొదటి అరగంట తల తిరిగిపోతుంది. ఎటు చూసినా చైనా అక్షరాలు, పేవ్‌మెంట్ మీద పండ్ల బుట్టలు, మనుషుల తోపులాట. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి న్యూ వరల్డ్ మాల్ కింది అంతస్తులోని ఫుడ్ కోర్టు మంచి ఆరంభం. చైనాలోని వేర్వేరు ప్రాంతాల కొట్లు ఒకే చోట ఉంటాయి, గోడ మీద ఫోటోలు, నంబర్లు ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు. టిప్పు అక్కర్లేదు. బోర్డు ధర మీద 8.875 శాతం పన్ను పడుతుంది. ఆర్డర్ నంబర్ చైనా భాషలోనే పిలుస్తారు, కాబట్టి ఆ కౌంటర్ దగ్గరే నిలబడాలి. దూరంగా కూర్చుంటే నూడుల్స్ చల్లారిపోయేదాకా మనకి తెలియదు. మధ్యాహ్నం 12:30 తర్వాత బల్ల దొరకడం కష్టం, ఒకరు బల్ల పట్టుకుని ఇంకొకరు తెచ్చుకోవాలి. పరిచయం లేనివాళ్ళు వచ్చి అదే బల్లకి కూర్చుంటారు, అది అక్కడి పద్ధతి.

చేత్తో సాగదీసిన నూడుల్స్ ఒక గిన్నె 12 నుంచి 14 డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది. గొడ్డుమాంసం తిననివాళ్ళకి చైనాలోని షియాన్ నగరపు వంట బాగా కుదురుతుంది, అక్కడ ప్రధానం గొర్రె మాంసం, జీలకర్ర, ఎండుమిర్చి. మన్‌హట్టన్ అంతటా కనిపించే షియాన్ ఫేమస్ ఫుడ్స్ కూడా 2005 ప్రాంతంలో ఇదే మెయిన్ స్ట్రీట్‌లో గోల్డెన్ షాపింగ్ మాల్ నేలమాళిగలో చిన్న కొట్టుగా మొదలైందే. శాకాహారులకి అదే వంటలో లియాంగ్‌పి ఉంది. గోధుమ పిండి కడిగి తీసిన గంజితో చేసిన చల్లటి వెడల్పు నూడుల్స్, పక్కన స్పాంజి లాంటి గ్లూటెన్ ముక్కలు, మిరప నూనె, నల్ల వెనిగర్. మాంసం ఊసే ఉండదు.

ఇక జాగ్రత్తలు. సూప్ డంప్లింగ్‌లలో చికెన్ రకమని రాసి ఉన్నా లోపల రసం సాధారణంగా పంది చర్మం ఉడికించి గడ్డకట్టించిన జెల్లీ కరిగి వచ్చేది. అందుకే పంది తిననివాళ్ళు దాన్ని వదిలేయడమే మేలు. మాపో టోఫూలో ఖీమా ఉంటుంది. వంకాయ కూరలోనూ ఉండొచ్చు. అన్నిటికంటే మనవాళ్ళకి తెలియనిది హాట్ పాట్ (మరిగే మసాలా రసంలో మనం ఎంచుకున్న ముక్కలు ఉడికించే వంట) సంగతి. సిచువాన్ ఎర్ర మసాలా ముద్ద సంప్రదాయంగా గొడ్డు కొవ్వుతోనే చేస్తారు. బుట్టలో పుట్టగొడుగులు, తామర తూడు, పాలకూర మాత్రమే వేసుకున్నా కుండలో మరిగేది ఆ కొవ్వే. కొన్నిచోట్ల నూనెతో చేసిన ముద్ద కూడా ఉంటుంది, అడిగితే అదే వేస్తారు. లేదంటే పుట్టగొడుగుల రసమో టమాటా రసమో తీసుకోవాలి, వాటిలో ఎముకల ఉడుకునీళ్ళు ఉన్నాయేమో కూడా అడగాలి. తూకం లెక్కన అమ్మేచోట ఆకుకూరలు, టోఫూ పట్టీలు, పుట్టగొడుగులు వేసుకుంటే బిల్లు తేలిక, బంగాళాదుంప, తామర తూడు, గుమ్మడి వేస్తే ముల్లు పరిగెడుతుంది.

ఇంగ్లీషులో వెజిటేరియన్ అని చెప్తే తలూపుతారు, తరువాత చికెన్ ఉడికించిన నీళ్ళతో చేసిన సూప్ వస్తుంది. శాకాహారాన్ని సూచించే చైనా అక్షరం ఒకటుంది, పలకడం "సు" అని. దాన్ని ఫోన్‌లో పెద్దగా పెట్టుకుని చూపిస్తే చూడగానే అర్థమవుతుంది. బౌద్ధుల శాకాహారం కావాలని అడిగితే ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళకి అది కలిసొచ్చే సంగతి.

నాలుగు కౌంటర్ల దగ్గర ఫోన్ చూపించి, ప్రశ్నలడిగి, జవాబు మీద అనుమానపడి, మా ఆవిడకి అప్పటికి ఆకలి చచ్చిపోయింది. మెయిన్ స్ట్రీట్ నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే బౌన్ స్ట్రీట్‌లో గణేశ్ గుడి వస్తుంది. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. ఆ వీధికి 2022 నుంచి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అన్న పేరు కూడా ఉంది. కింది అంతస్తులో క్యాంటీన్, దోసెలు, పులిహోర, ఫిల్టర్ కాఫీ. వారాంతం మధ్యాహ్నం వరస ఉంటుంది, పావుగంట, ఇరవై నిమిషాలు. అక్కడ ఏమీ అడగక్కర్లేదు. తను దోసె తింటూ, "ఇక్కడ తింటున్న చైనా వాళ్ళని చూశావా, మనం పొద్దున చేసిందే వాళ్ళు ఇప్పుడు చేస్తున్నారు" అంది. నిజమే, పక్క బల్ల దగ్గర ఒకాయన ఫోన్‌లో ఫోటో చూపించి పేపర్ రోస్ట్ అడుగుతున్నాడు.

కొరియన్ వంటకి ఫ్లషింగ్ నుంచి అదే రైల్‌రోడ్‌లో తరువాతి స్టేషన్ మర్రే హిల్. స్టేషన్ చుట్టూ సందుల్లోనూ, నార్దర్న్ బౌలేవార్డ్ మీదా హోటళ్ళు అర్ధరాత్రి దాటినా తెరిచి ఉంటాయి. భోజనం ముందు తెచ్చే చిన్న గిన్నెల కూరలకి డబ్బు లేదు, అడిగితే మళ్ళీ పెడతారు. మొలకలు, పాలకూర, బంగాళాదుంప చాలావరకు శాకాహారమే, కిమ్చిలో మాత్రం ఉప్పు రొయ్యలో చేపల సాసో ఉంటుంది. టోఫూ కూర రసం ఎండు చేపలతో చేస్తారు. బొగ్గుల మీద కాల్చే మాంసం చాలాచోట్ల కనీసం రెండు ప్లేట్లు తీసుకోవాలంటారు, ఒక్కరే తినే జంటలకి ఖర్చు రెట్టింపు. మేం ఒకసారి తిని ఊరుకున్నాం.

ఆగస్టులో రూజ్‌వెల్ట్ అవెన్యూ, స్టైన్‌వే స్ట్రీట్. మెక్సికో వాళ్ళ టాకో బళ్ళ గురించి అందరూ రాస్తారు కనుక రెండు మాటలే. బిర్యా టాకో అంటే ఇక్కడ గొడ్డుమాంసం. నిలువు కమ్మీ మీద తిరిగే అల్ పాస్తోర్ పంది మాంసం. "కార్నే వద్దు" అంటే చికెన్ వేసి ఇస్తారు, అందుకే "పోయో" కూడా వద్దని చెప్పాలి. రుబ్బిన బీన్స్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. గుమ్మడి పువ్వు, చీజ్ వేసి పెనం మీద కాల్చిన కెసడీయా శాకాహారులకి మంచిది, పెనం మీద ఓ మూల తుడిచి కాల్చమంటే కాలుస్తారు. బళ్ళ దగ్గర నగదే.

స్టైన్‌వే మీద ఈజిప్టు వాళ్ళ కోషరీ మా వేసవికంతటికీ తేలికైన భోజనం. అన్నం, మసూర్, మాకరోనీ, శనగలు, పైన టమాటా సాస్, కరకరలాడే వేయించిన ఉల్లి. పక్కన వెల్లుల్లి వెనిగర్, కారం సాస్. అడిగే పని లేకుండానే శాకాహారం. పది, పన్నెండు డాలర్లు, ఇద్దరికి మిగులుతుంది. ఉల్లి మెత్తబడకముందే తినాలి, పార్సిల్ చేస్తే ఉల్లి విడిగా కట్టమనాలి.

అక్టోబరులో రీగో పార్క్. 108వ వీధి, ఆ చుట్టుపక్కల బుఖారా నుంచి వచ్చిన యూదుల హోటళ్ళున్నాయి. ఉజ్బెక్ వంటే, కాకపోతే కోషర్, యూదుల ఆహార నియమాల ప్రకారం వండేది. అంటే పంది ఉండదు, మాంసం వండేచోట పాలు, పెరుగు, వెన్న ఉండవు. కాబట్టి పలావుతో పెరుగు అడిగితే రాదు, బదులుగా టమాటా, ఉల్లి పలుచగా కోసిన సలాడ్ తెస్తారు. పలావు వాళ్ళకి మధ్యాహ్నపు వంట. పెద్ద కుండలో క్యారెట్లు, మాంసం, శనగలతో పొద్దునే ఎక్కిస్తారు, సాయంత్రానికి అడుగుది మిగులుతుంది లేదా అయిపోతుంది. ఆ మాంసం గొడ్డుదా గొర్రెదా అని అడగకుండా ముట్టకూడదు, చాలాచోట్ల గొడ్డుదే. గొర్రె కావాలంటే బొగ్గుల మీద కాల్చిన శాష్లిక్‌లు పుల్ల లెక్కన అమ్ముతారు, ఒక్కోటి 7 నుంచి 9 డాలర్లు. పుల్ల చివర కొవ్వు ముక్క ఉంటుంది, అదే మాంసాన్ని తడిగా ఉంచుతుంది, తీసేయమని చెప్పొద్దు. శాకాహారులకి గుమ్మడి నింపిన సమ్సా, వంకాయ సలాడ్, తందూరులో కాల్చిన గుండ్రటి రొట్టె. పిల్లలున్నవాళ్ళు ఆ రొట్టె రెండు ఎక్కువే తీసుకోండి, మర్నాటికి కూడా బాగుంటుంది.

యూదుల విశ్రాంతి దినం సబ్బాత్ కోసం శుక్రవారం మధ్యాహ్నం దాటాక ఆ హోటళ్ళు మూసేస్తారు, శనివారం చీకటి పడ్డాక తెరుస్తారు. అక్టోబరులో చీకటి త్వరగా పడుతుంది కనుక ఏడున్నరకల్లా బల్ల దొరికింది. జూన్‌లో అయితే తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ రాత్రి పెళ్ళిళ్ళు, పుట్టినరోజుల పార్టీలు ఉంటాయి, పాటలు గట్టిగా పెడతారు, పక్క మనిషి మాట వినపడదు. వంట కోసమే వెళ్ళేవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం 12:30 మేలు. ముందు ఫోన్ చేసి "ఈ రోజు పలావు ఉందా, ఏ మాంసం?" అని రెండే ప్రశ్నలు అడగండి. ఉందంటే రెండు ప్లేట్లు పక్కన పెట్టమనండి, పేరు రాసుకుంటారు.